మట్టి కార్డులున్నాయి, మట్టిని చదివే మనుషులేరి?
వ్యవసాయ శాఖకూ, వ్యవసాయ విశ్వవిద్యాలయ పాలకులకూ బహిరంగ లేఖ

రాష్ట్ర వ్యవసాయ శాఖ కార్యదర్శి గారికి, వ్యవసాయ సంచాలకుల వారికి, వ్యవసాయ విశ్వవిద్యాలయ పాలక మండలి సభ్యులందరికీ,

నమస్కారం.

నేను మృత్తికా శాస్త్రంలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగ జీవితమంతా నేల సారం మీద, పంటల వరుస మీద, పాడీ పంటా కలిసి నడిచే సేద్యం మీద పరిశోధనతోనే గడిచింది. మొదట్లో కుండీల్లో, ఆ తర్వాత పరిశోధనా స్థానం మళ్లలో, చివరి ఏళ్లన్నీ రైతుల చెల్కల్లో, పొలాల్లో. రిటైరయ్యాక కూడా ఊళ్లు తిరగడం మానలేదు. అక్కడ చూసిన విషయాల మీద సంబంధిత కార్యాలయానికి పలు దఫాలుగా వినతిపత్రాలు ఇచ్చాను. ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

శాఖలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరు నా దగ్గర చదువుకున్న పిల్లలే. ఈ లేఖ వాళ్ల మీద ఫిర్యాదు కాదు, వాళ్లను తమ పని తాము చేయనివ్వని ఏర్పాట్ల మీద.

చెప్పదలచుకున్నది ఒక్కటే. మట్టిని పరీక్షించే యంత్రాలు మన దగ్గర ఉన్నాయి, కార్డులున్నాయి, యాప్‌లు కూడా వచ్చాయి. కానీ ఆ ఫలితాన్ని చదివి, పొలం గట్టు మీద నిలబడి, ఈ మడికి ఈ పంటకు ఇంత చాలు, ఇది వద్దు అని చెప్పే మనిషి రైతుకు దొరకడం లేదు. ఆ ఖాళీలోకి ఎరువుల దుకాణం వచ్చి కూర్చుంది. రైతు ఏ ఎరువు ఎంత వేయాలో ఇప్పుడు చెబుతున్నది అది అమ్ముకునేవాళ్లే. దీని భారం రైతు జేబు మీద, నేల మీద, ఊరి బావి నీళ్ల మీద ఎలా పడుతున్నదో వరుసగా చెబుతాను.

1. కార్డు మీద పేరు రైతుది, అందులోని మట్టి చాలాసార్లు ఆయన పొలానిది కాదు.

నేల ఆరోగ్య కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. ఉద్దేశం మంచిది. ఉదజని సూచిక (పీహెచ్), లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, మొత్తం 12 అంశాలు అందులో ఉంటాయి. ఇబ్బంది శాంపిల్ దగ్గర వచ్చింది. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒకటి చొప్పున, గ్రిడ్ లెక్కన మట్టి తీయమన్నారు. పది హెక్టార్లంటే 25 ఎకరాలు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా తక్కువే. అంటే మెట్ట ఊళ్లలో పది మంది రైతుల భూమికి ఒక సంచి మట్టి. ఆ ఒక్క సంచి ఫలితాన్నే పది కార్డుల మీద అచ్చు వేసి పది మందికీ పంచారు.

మన నేలలు తెలిసినవాళ్లు ఇలా చేయరు. ఒకే వాలులో పైన ఎర్ర చెల్క, నడుమ దుబ్బ, కింద ఒర్రె దగ్గర రేగడి, అక్కడక్కడా చౌడు మచ్చలు ఉంటాయి. చెల్కలో పొటాష్ తక్కువ, రేగడిలో ఎక్కువ. చౌడు మచ్చ నుంచి తీసిన మట్టి పక్క రైతు కార్డులో కలిసిందంటే చౌడుకు వేసే జిప్సం అక్కర్లేకపోయినా ఆయన్ను వేయమని సలహా పోతుంది.

మట్టి తీయడానికి ఒక పద్ధతి ఉంది. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి. గుంట అంచు నుంచి పైనుంచి కింది దాకా ఒక పొర గీకి తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు పోసిన చోట, నీళ్లు నిలిచే మూలల్లో తీయకూడదు. అంతా ఒక గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అర కిలో మిగిలేదాకా రావాలి. నీడలో ఆరబెట్టాలి. ఎరువుల సంచిలో నింపితే ఫలితమంతా తారుమారవుతుంది. ఇది చేయడానికి ఒక మనిషికి ఒక పొలంలో గంట పడుతుంది. నెలకు ఇన్ని శాంపిళ్లని లెక్క పెట్టినప్పుడు ఆ గంట ఎక్కడిది? మట్టి తీయడానికి వచ్చిన ఒక కుర్రాడు రోడ్డు పక్క పొలంలో ఒక్కచోట తవ్వి రెండు మూడు సంచులు నింపుకొని పోవడం నేను కళ్లారా చూశాను. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టలేదు. సాయంత్రానికి ఆయన ఫొటోలు అప్‌లోడ్ చేసి లెక్క చూపాలి.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. కార్డు పట్టాదారు పేరు మీద వస్తుంది, పట్నంలో ఉన్న పట్టాదారు ఇంట్లో ఉంటుంది. నిజంగా యూరియా బస్తా కొని చల్లేవాడికి ఆ కార్డు ఉందన్న సంగతే తెలియదు.

2. ల్యాబుల్లో యంత్రం ఉంటుంది, నడిపేవాడు ఉండడు. నడిపేవాడుంటే గ్యాసు ఉండదు.

జింకు, ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు కొలవడానికి అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం కావాలి. లక్షల రూపాయలది. దానికి ఎసిటిలిన్ సిలిండర్ కావాలి, ఒక్కో మూలకానికి ఒక్కో దీపం కావాలి, రోజూ ప్రామాణిక ద్రావణాలతో సరిచూసుకోవాలి. నేను వెళ్లిన ఒక ల్యాబులో ఆ యంత్రం మీద దుమ్ము గుడ్డ కప్పి ఉంది. సిలిండర్ అయిపోయి నెలలయిందట, బిల్లు పాస్ కాలేదట. అక్కడ పనిచేస్తున్న అమ్మాయి మృత్తికా శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది, ఔట్‌సోర్సింగ్‌లో చేరింది, జీతం ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. అయినా ఫ్లేమ్ ఫోటోమీటర్ మీద పొటాష్ మాత్రం జాగ్రత్తగా చేస్తోంది. ప్రతి పదో శాంపిల్‌ను రెండోసారి చేసి చూసుకుంటోంది. ఎవరూ అడగకపోయినా చేస్తోంది. ఇలాంటి మనిషిని నిలబెట్టుకోలేని శాఖ ఇంకెన్ని యంత్రాలు కొని ఏం లాభం?

ఫలితాలొచ్చే సమయం ఇంకో సమస్య. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా టార్గెట్ చూపాలని మార్చిలో హడావుడి చేస్తారు. అప్పటికి యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది. నీళ్లలో మునిగి, ఎరువు చల్లిన మడిలో తీసిన మట్టి ఏం చెబుతుంది? కార్డు చేతికొచ్చేసరికి వానాకాలం నాట్లు అయిపోతాయి.

3. జింకు లోపానికి యూరియా వేస్తున్నారు.

ఇది ప్రతి ఏడూ చూస్తున్నాను కనుక కాస్త వివరంగా చెబుతాను. వరి నాటిన రెండు మూడు వారాలకు మడి ఒకచోట పచ్చగా, ఇంకోచోట గిడసబారి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే పైనుంచి మూడో ఆకు, నాలుగో ఆకు మొదట్లో నడిమి ఈనె పాలిపోయి ఉంటుంది. ముదురాకుల చివర ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలు. ఆకును వంచితే టప్పున విరుగుతుంది. పైరు దుబ్బు కట్టదు. రైతుకు కనిపించేది ఎర్రబడిన పొలం. పచ్చబడాలంటే యూరియా వేయాలి అన్నది ఆయనకు తెలిసిన లెక్క. ఒక బస్తా వేస్తాడు, పచ్చబడదు. ఇంకో అర బస్తా వేస్తాడు. దుకాణానికి పోతే ఏదో టానిక్ సీసా చేతిలో పెడతారు.

అదే లోపాన్ని ఉత్తరాదిలో ఖైరా అంటారు. అది తెగులు కాదు, జింకు లోపం అని 1960లలో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేల్చారు. మందు కూడా అప్పటి నుంచే తెలుసు. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తే రెండు మూడు పంటలకు సరిపోతుంది. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి రెండు గ్రాములు కలిపి ఐదారు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు కొట్టాలి. భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు. ఇంతే సంగతి. మట్టిలో జింకు పది లక్షల పాళ్లలో 0.6 పాళ్లకన్నా తక్కువుంటే లోపం కింద లెక్క. ఆ ఒక్క అంకె సమయానికి రైతు చేతికి అంది, దాని అర్థం చెప్పేవాడు ఒకడుంటే ఆ మడికి యూరియా ఖర్చు, టానిక్ ఖర్చు, పిలకలు తగ్గిన నష్టం మూడూ తప్పేవి.

4. యూరియా చౌకగా దొరకడం వల్ల రైతుకు అది చౌక అవడం లేదు.

2010 ఏప్రిల్ నుంచి పోషకాల ఆధారిత సబ్సిడీ అమల్లోకి వచ్చింది. భాస్వరం, పొటాష్ ఎరువులు దాని కిందికి వెళ్లాయి, యూరియా మాత్రం బయటే ఉండిపోయింది. 45 కిలోల యూరియా బస్తా ఇవాళ 266 రూపాయల 50 పైసలు, భాస్వరం ఎక్కువుండే డీఏపీ 50 కిలోల బస్తా 1,350. ఈ తేడా చూసి రైతు దేనివైపు మొగ్గుతాడో ఎవరైనా చెప్పగలరు. 2025 వానాకాలంలో యూరియా కోసం తెల్లవారుజాము నుంచి చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి ఆడవాళ్లు, ముసలివాళ్లు కాపు కాసిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. సరఫరా లోపం నిజమే. కానీ అందులో ఎంత యూరియా నిజంగా పైరుకు కావలసింది, ఎంత భయం కొద్దీ, అలవాటు కొద్దీ కొన్నది అని అడిగేవాడు కనిపించలేదు. వరిలో వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది మూడో వంతు నుంచి నలభై శాతం దాకానే. మిగతాది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లలోకి దిగుతుంది.

గాలిలో కలిసింది కనబడదు గానీ, మోతాదు మించి ఏపుగా పెరిగిన పైరులో వచ్చే దోమపోటు, పాముపొడ, అగ్గితెగులు కనబడతాయి. ఒక బస్తా యూరియా ఎక్కువ వేసిన రైతు ఆ తర్వాత దోమమందుకు పెట్టే ఖర్చు ఆ బస్తా ధరకు ఎన్ని రెట్లో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. గాలివాన వస్తే మొదట పడిపోయేది కూడా ఆ చేనే.

నీళ్లలోకి దిగింది ఇంకా భయపెట్టేది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో తెలంగాణ నుంచి తీసిన నీటి నమూనాల్లో నాలుగో వంతుకు పైగా వాటిలో నైట్రేట్, అంటే నత్రజని నీళ్లలో కలిసే రూపం, లీటరుకు 45 మిల్లీగ్రాముల తాగునీటి హద్దు దాటింది. ఆంధ్రప్రదేశ్ లెక్క కూడా దానికి ఎంతో దూరంలో లేదు. మురుగు నీళ్లు, పశువుల పెంట కూడా దీనికి కారణాలే, ఒక్క ఎరువులనే తప్పు పట్టలేం. కానీ ఆ నీళ్లతో పాలు కలిపి పట్టే పసిపిల్లల విషయంలో ఇంత వాటా దేనిది, అంత వాటా దేనిది అని వాదించుకుంటూ కూర్చోలేం కదా.

5. భాస్వరం మీద డబ్బు నేలలో పాతిపెడుతున్నారు.

ఏళ్ల తరబడి ప్రతి పంటకూ డీఏపీ వేసిన మన వరి నేలల్లో చాలాచోట్ల భాస్వరం నిల్వలు పెరిగిపోయాయి. వేసిన దాంట్లో ఆ పంట తీసుకునేది ఐదో వంతు లోపే, తక్కినది మట్టికి పట్టుకొని ఉండిపోతుంది. పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలిన చోట సిఫారసులో ముప్పై శాతం తగ్గించవచ్చు. దీన్ని మేము దశాబ్దాలుగా తరగతుల్లో పాఠంగా చెబుతున్నాం, ఊళ్లలో అమలవడం మాత్రం అరుదు. పైగా భాస్వరం ఎక్కువైన కొద్దీ జింకు పైరుకు అందదు, మళ్లీ మూడో అంశంలో చెప్పిన కథే. భాస్వరం ఎరువు దుక్కిలోనో దమ్ములోనో వేయాలి. అయినా పైపాటుగా నత్రజని, భాస్వరం కలిసి ఉండే 20-20, 28-28 కాంప్లెక్సు ఎరువులు చల్లుతున్నారు. యూరియా కావాలంటే కాంప్లెక్సు బస్తా కూడా కొనాలని లింకు పెట్టే దుకాణాల దగ్గర రైతుకు వేరే దారి లేదు.

6. నేలలోకి కర్బనం తిరిగి పోవడం ఆగిపోయింది.

నా పరిశోధనలో ఎక్కువ కాలం దీని మీదే గడిచింది. ఎకరా నేలలో పై పదిహేను సెంటీమీటర్ల మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. అందులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే నేల బలహీనమని లెక్క, మన చెల్కలు చాలావరకు ఆ కిందే ఉన్నాయి. దాన్ని 0.1 శాతం పెంచాలంటే తొమ్మిది వందల కిలోల కర్బనం ఆ మట్టిలో నిలవాలి. నిలవాలి అన్నాను, వేయాలి అనలేదు. మన ఎండలకు పెంట వేసినా, పచ్చిరొట్ట దున్నినా అందులో ఎక్కువ భాగం ఏడాదిలోపే కరిగిపోతుంది. కాబట్టి ఏళ్ల పాటు విడవకుండా వేస్తూనే ఉండాలి.

వెనకటి సేద్యంలో ఆ పని దానంతటదే జరిగేది. పశువుల కొట్టం నుంచి పెంట కుప్ప, కుప్ప నుంచి చెల్క. ఎండాకాలం గొల్ల కురుమలను పిలిచి, పెంట కోసం రాత్రిళ్లు చెల్కలో గొర్ల మంద కట్టించేవారు, రాత్రికి ఇంతని గింజలిచ్చేవారు. చెరువు మట్టి బండ్లతో తోలేవారు. జొన్నలో, పత్తిలో కంది సాలు వేసేవారు, రాలిన ఆకు అక్కడే మురిగేది. ఇప్పుడు ఎడ్లు పోయాయి, వరి వెంట వరి వచ్చింది, హార్వెస్టర్ కోసిపోయిన గడ్డికి నిప్పు పెడుతున్నారు. టన్ను వరిగడ్డిలో నాలుగు వందల కిలోల కర్బనం, ఐదారు కిలోల నత్రజని, ఇరవై కిలోలకు పైగా పొటాష్ ఉంటాయి. కాలిస్తే కర్బనం, నత్రజని దాదాపు అంతా పోతాయి. రైతును తిడితే లాభం లేదు. కోతకూ మళ్లీ దమ్ముకూ మధ్య ఆయనకు గడువు లేదు, గడ్డిని ముక్కలు చేసి కలియదున్నే యంత్రం ఊళ్లో అద్దెకు దొరకదు. పచ్చిరొట్టకు జీలుగు విత్తనం వేద్దామంటే సబ్సిడీ సంచులు వచ్చేసరికి అదను దాటుతుంది.

చిన్న రైతుకు రెండెకరాల్లో వరితో పాటు గట్ల మీద కంది, కొంత పశుగ్రాసం, రెండు బర్లు, నాలుగు మేకలు ఉంటే నేలకూ ఇంటికీ రెండింటికీ గిట్టుబాటవుతుందని సమగ్ర సేద్య నమూనాలు చూపించాయి. ఆ నమూనాలు పరిశోధనా స్థానాల్లో బోర్డుల కింద ఉన్నాయి. ఊళ్లోకి రావాలంటే వ్యవసాయ శాఖ, పశుసంవర్ధక శాఖ, బ్యాంకు ఒక్కచోట కూర్చోవాలి. అలా కూర్చోవడం నా ఉద్యోగంలో నేను చూడలేదు.

7. నేల చరిత్ర రాసి పెట్టుకున్న మళ్లకు రక్షణ లేదు.

నేలలో మార్పు ఒక పంటకు, రెండు పంటలకు తెలియదు. అందుకే ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో 1843లో మొదలైన గోధుమ ప్రయోగాన్ని ఇప్పటికీ నడుపుతున్నారు. మన దేశంలో కోయంబత్తూరులో 1909 నుంచి శాశ్వత ఎరువుల ప్రయోగం ఉంది. 1970లలో దేశమంతటా దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టారు. వాటిలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో యూరియా ఒక్కటే వేస్తూ వచ్చిన మడిలో ఆమ్లం పెరిగి నేల పులిసిపోయి, చివరికి మొక్కజొన్న, గోధుమ గింజ కూడా రాని స్థితి వచ్చింది. అది మూడేళ్ల ప్రాజెక్టులో తెలిసే సంగతి కాదు. మన దగ్గర జగిత్యాల పొలాసలో వరి వెంట వరి మీద 2000 నుంచి, అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ మీద 1985 నుంచి ఇలాంటి ప్రయోగాలున్నాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో నడిచిన ప్రయోగంలో వెడల్పు బోదెలు, జొన్న–కంది అంతరపంట, సరైన ఎరువు యాజమాన్యంతో హెక్టారుకు సగటున ఐదు టన్నుల గింజ వచ్చింది. పక్కనే పాత పద్ధతిలో వచ్చింది టన్ను చిల్లర. అదే వాన, అదే నేల.

ఇలాంటి మడిని ఒక్క ఏడు వదిలేస్తే, ఒక్కసారి తప్పు ఎరువు పడితే, దాని మీదుగా రోడ్డు వేస్తే వెనకటి ఏళ్లన్నీ వృథా. 2024 జనవరిలో రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయ భూమి వంద ఎకరాలు హైకోర్టు కొత్త భవనాలకు కేటాయించినప్పుడు విద్యార్థులు ధర్నా చేశారు. కోర్టుకు భవనం కావాలి, కాదనను. కానీ పరిశోధన భూమి ఖాళీ స్థలం కాదన్న మాట ఆ పిల్లలు రోడ్డెక్కి చెప్పాల్సి రావడం బాధ కలిగించింది.

భూమితో పాటు మనుషులూ కావాలి. నేల శాస్త్రంలోకి వచ్చే యువ శాస్త్రవేత్తకు ఇవాళ పదోన్నతి పేపర్ల లెక్క మీద వస్తుంది. ఇరవై ఏళ్ల మడిని చూసుకుంటూ కూర్చుంటే ఏడాదికి ఒక పేపరు కూడా రాదు. అందుకని తెలివైనవాళ్లు ఆరు నెలల్లో ఫలితమిచ్చే కుండీ ప్రయోగాల వైపు పోతున్నారు. వాళ్లు చేస్తున్నది వాళ్ల బతుకు కోసం సరైనదే. బదిలీ వచ్చినప్పుడు మడి నోటుపుస్తకం అప్పగించడానికి ఎదురుగా మనిషి ఉండడు, అలమారలో పెట్టి వెళ్లిపోతారు. ముప్పై ఏళ్ల కిందటి మట్టి శాంపిళ్లు చెదలు పట్టిన గోదాములో పడి ఉండటం చూసినప్పుడు నా కడుపు తరుక్కుపోయింది. వాటిని ఇవాళ్టి కొత్త పద్ధతుల్లో మళ్లీ పరీక్షిస్తే మన నేలల్లో కర్బనం ఎప్పటి నుంచి, ఎంత వేగంగా తగ్గిందో తెలిసేది.

ఇక నేను అడిగేవి.

1. గ్రిడ్ లెక్కన మట్టి తీయడం ఆపండి. ఊరి వాలును బట్టి, నేల రకాన్ని బట్టి రైతుతో కలిసి నడిచి శాంపిల్ తీయించండి. అన్ని పొలాలూ ఒకే ఏడు కావాలని నేను అనడం లేదు. మండలానికి కొన్ని ఊళ్లు తీసుకొని, ఆ ఊళ్లలో ప్రతి సర్వే నంబరూ సరిగ్గా చేయండి. మరుసటి ఏడు ఇంకొన్ని. సాగు చేసేవాడి పేరు, ఫోన్ నంబరు కార్డు మీద ఉండాలి, ఆయన కౌలుదారైనా సరే.

2. ఏప్రిల్, మే నెలల్లో శాంపిల్ తీయాలి, మృగశిర కార్తె లోపు ఫలితం రైతుకు అందాలి. మార్చి టార్గెట్లు రద్దు చేయండి.

3. ప్రతి ల్యాబుకు మృత్తికా శాస్త్రం చదివిన ఒక రెగ్యులర్ అధికారిని, ఇద్దరు టెక్నీషియన్లను నియమించండి. గ్యాసు, రసాయనాలు, మరమ్మతులకు ల్యాబు చేతిలోనే ఖర్చు పెట్టుకునే నిధి ఉండాలి. విశ్వవిద్యాలయం నుంచి పేరు చెప్పకుండా తెలిసిన శాంపిళ్లు పంపి, ఏ ల్యాబు ఎంత సరిగ్గా చెబుతోందో ఏటా బయటపెట్టండి. లెక్క తప్పిన ల్యాబును దండించమని కాదు, దానికి కావలసింది ఇచ్చి సరిచేయమని.

4. తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి, ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి ఉండాలన్నది లెక్క. ఆ విస్తరణాధికారికి రోజంతా పంటల నమోదు, బీమా ఫారాలు, రకరకాల సర్వేలతోనే సరిపోతోంది. వాటిని వేరే వాళ్లకు అప్పగించి, పంట కాలంలో వారానికి రెండు రోజులు ఆయన పొలాల్లోనే ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లోని రైతు సేవా కేంద్రాలకూ ఇదే వర్తిస్తుంది.

5. ప్రతి ఎరువుల దుకాణం ముందు ఆ ఊరి నేల పరీక్షల సారాంశం తెలుగులో, పెద్ద అక్షరాలతో పెట్టించండి. భాస్వరం ఎక్కువున్న ఊళ్లో ఆ మాట అక్కడ కనబడాలి. లింకు పెట్టి అమ్మే దుకాణం మీద ఫిర్యాదు చేసిన రైతుకు ఆ సీజనులో ఎరువు ఆగకుండా చూసే పూచీ మండల అధికారిది కావాలి. ఇప్పుడు రైతు నోరు మెదపకపోవడానికి కారణం ఆ భయమే.

6. జీలుగు, జనుము, పిల్లిపెసర విత్తనం మే రెండో వారానికి గోదాముల్లో ఉండాలి. జింకు సల్ఫేట్‌ను సబ్సిడీ మీద, నాణ్యత పరీక్షించి, దమ్ములకు ముందే ఇవ్వండి. గడ్డిని కట్టలు కట్టే, ముక్కలు చేసే యంత్రాలను మహిళా సంఘాల ద్వారా అద్దెకు పెట్టండి. మంద కట్టే గొర్రెల కాపరులకు రాత్రికి ఇంతని చెల్లించే చిన్న పథకం పెట్టినా చాలు, కొన్ని వేల ఎకరాల చెల్కకు అది మేలు చేస్తుంది. ఖర్చు కూడా ఎక్కువ కాదు.

7. దీర్ఘకాలిక ప్రయోగ మళ్లను పేరు పేరునా గుర్తించి, వాటిని ఏ ఇతర అవసరానికీ తీసుకోకూడదని ప్రభుత్వ ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి మడికీ ఇద్దరు శాస్త్రవేత్తలు ఉండాలి. ఒకరు రిటైరయ్యేలోపు రెండోవారు కనీసం మూడేళ్లు పక్కన పనిచేసి ఉండాలి. పాత శాంపిళ్లను ఒక్కచోట చేర్చి గాజు సీసాల్లో భద్రపరచి జాబితా రాయించండి. పదోన్నతుల్లో ఆ మడిని కాపాడిన ఏళ్లకు విలువ ఇవ్వండి. దీనికి కొత్త నియమావళి అక్కర్లేదు, పాలక మండలి ఒక తీర్మానం చేస్తే అవుతుంది.

ఇందులో మొదటి రెండింటికీ ఈ ఏడే వీలుంది. యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, కోసిన మడి దుక్కిలోకి వెళ్లేలోపు మట్టి తీయాలి. ఆ అదను తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. కాబట్టి కోతలకు ముందే ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అంశాల వారీగా చెప్పండి. ఆ జవాబు నాకొక్కడికి పంపితే చాలదు. ప్రతి రైతు వేదిక నోటీసు బోర్డు మీద పెట్టించండి. శిక్షణకు, శాంపిళ్ల పనికి నాలాంటి రిటైరైనవాళ్లం కావాలంటే పిలవండి, భత్యం లేకపోయినా వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత మృత్తికా శాస్త్రవేత్త,
కరీంనగర్ జిల్లా